కిష్టయ్య సార్ వెతికిన మూడు డిస్కులు

మొన్న సాయంత్రం తార్నాక మెట్రో స్టేషన్ కింద ఉన్న దుకాణంలో ఫోను బాగుచేయించుకోవడానికి నిలబడ్డాను. దుకాణం ఆయన వెనక మూత ఊడదీసి, దూదిని స్పిరిట్‌లో ముంచి, ఛార్జింగ్ పెట్టే చోట మెల్లగా తుడవసాగాడు. చల్లగా, కాస్త తియ్యగా ముక్కుకెక్కే ఆ వాసన తగలగానే రోడ్డు మీది హోరంతా ఎటో పోయింది. క్యాంపస్‌లో కంప్యూటర్ సెంటర్ వెనక గది, అందులో ఇనప బల్ల, బల్ల మీద పాత టవలు పరిచి దాని మీద వరసగా ఆరబెట్టిన మెమొరీ కార్డులు, వాటి మీద వంగి ఉన్న కిష్టయ్య సార్ నెరిసిన తల. "సార్, మిమ్మల్నే. పరేషాన్ గాకుండ్రి, దుమ్మే పేరుకున్నది" అని దుకాణం ఆయన రెండోసారి అంటేగాని నేను ఈ లోకంలోకి రాలేదు. ఇంటికి వచ్చి, భోజనం కూడా చేయకుండా, ఇది రాయడానికి కూర్చున్నాను.

కిష్టయ్య సార్ మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్లో టెక్నికల్ ఆఫీసరు. భువనగిరి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం ఆయనది. రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టి, ఐ.టి.ఐ. చదివి, మెల్లగా ఆ గది దాకా వచ్చారు. పోయిన చలికాలం ఆయన చనిపోయారు. క్యాంపస్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లను ఎవరిని అడిగినా ముందు మంచివాడంటారు, ఆ వెంటనే గొంతు తగ్గించి, "చివర్లో ఆ పాటల రికార్డింగులు పోగొట్టాడు, పాపం" అంటారు. ఆ రికార్డింగులు పోగొట్టింది ఆయన కాదు, నేను. ఈ మాట ఎనిమిదేళ్ల కిందట ఒక గదిలో ముగ్గురు మనుషుల ముందు చెప్పవలసింది. చెప్పలేదు. ఆయన్ని ఎప్పుడూ చూడనివాళ్లకైనా ఆయన ఎలాంటి మనిషో తెలియాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

మా నాన్న రైల్వేలో గుమస్తా. తెనాలి నుంచి బదిలీ అయి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డాడు. నేను కంప్యూటర్ సైన్సులో డిగ్రీ పుచ్చుకుని, కాంట్రాక్టు ప్రోగ్రామరుగా ఆ సెంటర్లో చేరిన మొదటి రోజున కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. కిష్టయ్య సార్ నా సర్టిఫికెట్లు చూడలేదు. ఒక దూది ఉండ, స్పిరిట్ సీసా నా ముందుకు జరిపారు.

"కంప్యూటర్ సైన్సు చదివిన్నంటివి గదా?"

"అవును సార్. ఫస్ట్ క్లాసు."

"మంచిది. గిప్పుడు దుమ్ము చదువు" అన్నారు.

వారం రోజులు దుమ్మే చదివాను. నాకు చాలా ఉక్రోషంగా ఉండేది. నెల తిరిగేసరికి, ఆగిపోయిన మెషిన్ మూత తియ్యకముందే దాని చప్పుడును బట్టి ఫ్యాను బిగుసుకుందో, కరెంటు సరిగ్గా అందడం లేదో నాకు తెలియసాగింది. ఆ జ్ఞానం ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఆయన నేర్పినట్టు కూడా అనిపించలేదు. పక్కన నిలబెట్టుకునేవారు, అంతే. మధ్యమధ్య "ఇన్నవా?" అనేవారు. విన్నానంటే, "ఏమిన్నవో చెప్పు" అనేవారు. అక్కడ దొరికిపోయేవాణ్ణి.

ఆయనకొక పద్ధతి ఉండేది. దేనికి నకలు తీసిపెట్టినా, ఎంత జాగ్రత్త చేసినా, బుధవారం మధ్యాహ్నం టీ తాగాక ఆ మెషిన్ నడుస్తుండగానే దానిలోంచి ఒక డిస్కు చేత్తో లాగేసేవారు. లాగాక పని ఆగకపోతే ఆ జాగ్రత్త నిజమైనట్టు. ఏది లాగాలో ఆయన చెప్పరు, మెషిన్ కట్టినవాణ్ణి చెప్పనివ్వరు. ఆ వేళకు ఎవరు వస్తే వాళ్లే చెప్పాలి. ఒకసారి హాల్‌టికెట్ కోసం కూతురితో వచ్చిన ఒక తల్లిని లోపలికి పిలిచి, "అమ్మా, గీ నాలుగిట్ల ఏది గుంజాల్నో జర చెప్పు" అన్నారు. ఆమె హడలిపోయి, "నేనేం ముట్టుకోలే సారూ" అంది. క్యాంటీన్ నుంచి టీ తెచ్చే యూసుఫ్ భాయ్‌కి మాత్రం అది మహా సరదా. గ్లాసులు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, మెషిన్‌ను పైనుంచి కిందికి చూసి, "నీచే వాలా నికాలో సాబ్, వో బహుత్ అకడ్తా" అనేవాడు. కిందిది తీయండి, దానికి పొగరెక్కువ, అన్నట్టు. లాగిన ప్రతిసారీ ఒక పెద్ద రిజిస్టరులో రాయాలి: తీసిన వస్తువు, తియ్యమన్నవారు, తీసినవారు. కింద సంతకం.

"కట్టినవాడే చెబితే ఏం సార్? వాడికే కదా బాగా తెలిసేది" అని అడిగాను ఒకసారి.

"గందుకే వద్దంటున్న. బలహీనం యాడున్నదో కట్టినోనికి ఎరుకుంటది. వాని చెయ్యి గాడికి పోదు. దొంగతనం ఏం గాదది, మనిషి చెయ్యి గట్లనే ఉంటది" అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వి, "మీ తెనాలోళ్లు చెప్పుడు మస్తు చెప్తరు. గుంజుడు కాడికి వచ్చేవరకు నీళ్లు నములుతరు" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇలా పదేళ్లకు పైగా గడిచాయి. నేను కాంట్రాక్టు నుంచి పర్మినెంట్ అయ్యాను, తార్నాకలో ఇల్లు తీసుకున్నాను, పెళ్లయింది. సార్ జుట్టు తెల్లబడింది. అప్పుడు మా దగ్గరికి తెలుగు విభాగం నుంచి సుభద్ర మేడమ్ వచ్చారు. ఆవిడ పద్దెనిమిదేళ్లుగా నల్గొండ, జనగామ, మెదక్ వైపు ఊళ్లు తిరిగి, నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు, కల్లాల దగ్గరి పాటలు, రాత్రంతా కథ చెప్పేవాళ్ల గొంతులు రికార్డు చేశారు. క్యాసెట్లు ఎప్పుడో బూజుపట్టి పోయాయి. వాటి నుంచి ఎక్కించుకున్నదంతా రెండు చిన్న పోర్టబుల్ డిస్కుల్లో, ఆవిడ గదిలోని బీరువాలో ఉంది. "పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఇంకెక్కడైనా జాగ్రత్తగా పెట్టగలరా?" అని అడిగారు.

ఆ రోజుల్లో నాకు ఒక కొత్త పిచ్చి పట్టుకుని ఉంది. ఒక పాటను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని వేరువేరు మెషిన్ల మీద ఉంచే సర్వర్లు అప్పుడే అందరికీ అందుబాటులోకి వచ్చాయి. నాలుగు మెషిన్లుంటే, వాటిలో రెండు పోయినా మిగిలిన ముక్కల నుంచి పాట మళ్లీ పూర్తిగా వస్తుంది. మా దగ్గర ఉన్నది ఒకటే మెషిన్. అయినా దాని లోపలే కంటైనర్లు అనే నాలుగు గదుల్లాంటివి కట్టుకోవచ్చు. ప్రతి గదీ తానొక వేరే మెషిన్‌నే అనుకుంటుంది, పక్కదానితో వైరు మీద మాట్లాడినట్టే మాట్లాడుతుంది. నేను బోర్డు మీద బొమ్మ వేసి సార్‌కి చెప్పాను. ఆయన ఆ బొమ్మ దగ్గరికొచ్చి చూశారు.

"అంటే ఒక్క ఇంట్ల నాలుగు పొయ్యిలు పెట్టి, నాలుగు కుటుంబాలంటవ్."

"నేర్చుకోవడానికి సార్. రేపు మెషిన్లు వచ్చాక ఒక్కో గదిని ఒక్కో మెషిన్‌లోకి మార్చేస్తాం."

"నేర్సుకునేటందుకైతే నేర్సుకో, ఎవలొద్దన్నరు? సామాను పెడ్తనంటెనే నాకు గుబులు. ఇల్లు అంటుకుంటే నాలుగు కుటుంబాలూ ఒక్కపారే బయట పడ్తయ్." బొమ్మ మీద వేలు పెట్టి, "సరే. ఇల్లు ఒక్కటైనా సందుగ పెట్టెలన్న నాలుగు వేరే వేరే ఉండాలె. ఒక్కో గదికి ఒక్కో డిస్కు. రెండో మెషిన్ అచ్చేదాంక మేడమ్ బీరువాలయి ముట్టొద్దు. గవి అట్లనే ఉండాలె" అన్నారు.

ఆయన పెట్టిన షరతులు ఆ రెండే. నాలుగు డిస్కులు తెప్పించి, తన చేత్తోనే మెషిన్‌లో బిగించారు. ఆ మరుసటి వారమే కంట్లో శుక్లం తీయించుకోవడానికి సెలవు పెట్టారు.

ఆ సెలవులోనే అంతా జరిగింది. శుక్రవారం పై నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు, పాటల సర్వరును చూపించమని మా డైరెక్టరు కబురు చేశాడు. బుధవారానికి నా నాలుగు గదులూ సిద్ధం. డిస్కుల దగ్గరే చిక్కొచ్చింది. మెషిన్‌లో డిస్కు ఉంటే సరిపోదు, దాన్ని ఒక ఫోల్డరుకు తగిలించాలి. తగిలించకపోయినా ఆ ఫోల్డరు ఉంటుంది. అందులో మనం పెట్టిందంతా నిశ్శబ్దంగా మొదటి డిస్కులోకే పోతుంది. రెండు, మూడు, నాలుగు డిస్కులు నాకు ఎంతకీ సరిగ్గా తగుల్కోలేదు, మెషిన్ ఆపి పెట్టినప్పుడల్లా ఊడిపోతున్నాయి. గురువారం మధ్యాహ్నం, ఇప్పటికి ఇలా కానిద్దామనుకున్నాను. మొదటి డిస్కులోనే డిస్కు1, డిస్కు2, డిస్కు3, డిస్కు4 అని నాలుగు ఫోల్డర్లు చేసి నాలుగు గదులకూ ఇచ్చాను. ఇవన్నీ ఒకే డిస్కు మీద ఉన్నాయని సర్వరు తెర మీద హెచ్చరించింది. ఆ హెచ్చరికను పక్కకు నెట్టే దారి కూడా దానిలోనే ఉంది. నెట్టాను. శుక్రవారం అయిపోయాక సరిచేద్దామని నిజంగానే అనుకున్నాను.

సార్ లేకపోయినా పద్ధతి ప్రకారం తీసి చూడాలి కదా. సుభద్ర మేడమ్‌కి ఫోను చేశాను. "మేడమ్, ఒకటి నుంచి నాలుగులోపు ఒక అంకె చెప్పండి."

"మూడు. ఏమిటి, చిలక జోస్యమా?"

"అలాంటిదే మేడమ్" అన్నాను. మెషిన్ దగ్గరికి వెళ్లలేదు. కుర్చీలోంచే మూడో కంటైనరును ఆపేశాను. పాట ఆగలేదు. నాలుగోదాన్నీ ఆపాను. అయినా పాట ఆగలేదు. నాకెంత సంతోషమయిందో చెప్పలేను. రిజిస్టరు తీసి రాశాను: తీసిన వస్తువు, డిస్కు మూడు. తియ్యమన్నవారు, సుభద్ర మేడమ్. తీసినవారు, ప్రసాద్. నేను ఏ డిస్కూ తియ్యలేదు. తీసి ఉంటే ఏం బయటపడేదో నాకు తెలుసు. సార్ చెప్పిన చెయ్యి నాదే.

శుక్రవారం పెద్దవాళ్లు వచ్చి, విని, చప్పట్లు కొట్టి వెళ్లారు. ఆ ఊపులో సుభద్ర మేడమ్ వరండాలో నన్ను ఆపి, "వచ్చే వారం మెదక్ వెళ్తున్నాను ప్రసాద్ గారూ. కొత్త డిస్కులు లేవు. బీరువాలోవి తుడిచేసి పట్టుకెళ్లనా?" అని అడిగారు. వద్దనాలి. అప్పటికి నా చుట్టూ నలుగురున్నారు, అందరూ నన్నే చూస్తున్నారు. "నిశ్చింతగా తుడిచెయ్యండి మేడమ్. ఇక్కడ నాలుగు చోట్ల ఉంది" అన్నాను.

సార్ పది రోజులకు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చారు. రిజిస్టరు తెరిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "గుంజి చూసినవా?"

"చూశాను సార్."

ఇంకేమీ అడగలేదు, సంతకం పెట్టారు. ఆ రోజే మెషిన్ మీద దుమ్ము చూసి ఊరుకోలేక, దాన్ని ఆపించి నాలుగు డిస్కులూ బయటికి తీసి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టారు. బల్ల మీద అలాంటివే మరో మూడు కొత్త డిస్కులు ఉన్నాయి. అవి లైబ్రరీకి, పరీక్షల విభాగానికి, హాస్టల్ ఆఫీసుకు వెళ్లవలసినవి. సాయంత్రం వాటిని పంపించేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నేను సరిచేయలేదు. మొదటి వారం తీరిక లేదు. తర్వాత, సరిచేయాలంటే మెషిన్ ఆపాలి, ఎందుకని సార్ అడుగుతారు, రిజిస్టరులో రాసింది అబద్ధమని చెప్పాలి. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. మే నెలలో వరసగా సెలవులొచ్చి, ఏసీ ఆగిపోయి, ఆ గది కుంపటిలా ఉన్న రోజున మొదటి డిస్కు పోయింది. బాగుచేసేవాళ్లకు పంపితే లోపలి పళ్లెం గీసుకుపోయిందన్నారు. మిగిలిన మూడూ తెరిచి చూస్తే ఏమీ లేదు. వాటిలో అసలెప్పుడూ ఏమీ లేదు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. బీరువాలో డిస్కుల్ని మేడమ్ ఎప్పుడో తుడిచేశారు.

సుభద్ర మేడమ్ ఏడవలేదు. ఇనప బల్ల పక్కన కూర్చుని, వెంకటాపురంలో ఒక ముసలమ్మ పాడిన నాట్ల పాట తనలో తాను అనుకుంటూ ఉన్నారు. ఒక చరణం అన్నారు. ఆగిపోయారు. "రెండోది నాకు నోటికి రాదు. అందులోనే ఉంది" అన్నారు, ఆ నల్లటి పెట్టె వైపు చూస్తూ.

ఆవిడ వెళ్లాక కిష్టయ్య సార్ ఆ మూడు ఖాళీ డిస్కుల్ని చేతిలో తిప్పి తిప్పి చూశారు. నేను మాట్లాడదామని నోరు తెరిచాను. అంతలో ఆయనే అన్నారు. "ప్రసాదూ, నేనే మార్చినట్టున్న. గీ ఖాళీయి ఇండ్ల పెట్టి, పాటలున్నయి అవతలికి పంపిచ్చిన. ఆనాడు నాకు ఒక కన్నే కనవడుతుండె." ఆయన గొంతులో భయంతో పాటు ఒక ఆశ కూడా ఉంది. "నాలుగిట్ల రెండు దొరికితే సాలు గదా? పా, దేవులాడుదాం."

పాటలు ఎక్కడా లేవని నాకు తెలుసు. అయినా వెళ్లాను. ఆ ఎండలో ఆయన స్కూటర్ వెనక, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుని వెళ్లాను. లైబ్రరీలో మెషిన్ విప్పాం, లేవు. పరీక్షల విభాగంలో ఒక గుమస్తా, "ఇప్పుడేంది సార్, రిజల్ట్స్ టైంల" అని విసుక్కుంటే, సార్ అంత పెద్దమనిషి నా ముందే చేతులు జోడించి, "అయిదు నిమిషాలు బిడ్డా" అన్నారు. లేవు. హాస్టల్ ఆఫీసులో బల్ల కిందికి మోకాళ్ల మీద దూరి, నల్ల కళ్లద్దాలు జారిపోతుంటే ఎగదోసుకుంటూ ఆయనే విప్పారు. నేను టార్చి పట్టుకున్నాను. అక్కడా లేవు. బయటికొచ్చి చెట్టు నీడన నిలబడి నీళ్లు తాగి, "ఇంకో దిక్కు ఏమన్న పంపిన్నా? యాదికి తెచ్చుకో" అని నన్ను అడిగారు. గుర్తు తెచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టి, "లేదు సార్" అన్నాను. నా జీవితంలో నేను చేసిన అతి నీచమైన పని ఏదంటే, రికార్డింగులు పోగొట్టడం కాదు, ఆ ముఖం పెట్టడమే అని చెబుతాను.

విచారణ పరిపాలనా భవనంలో జరిగింది. ముగ్గురు కూర్చున్నారు. రిజిస్టరు చూపించి, "డిస్కు మూడు తీసి చూశామని ఉంది. చూశారా?" అని నన్నడిగారు. "చూశాం సార్" అన్నాను. అంతటితో నా పని అయిపోయింది. కిష్టయ్య సార్‌ని అడిగితే ఆయన లేచి నిలబడి, "సంతకం నాది. దులిపింది నేను, పెట్టింది నేను. తప్పు నాతోనే అయింది సార్. ఈ పిలగాని మీద ఏం లేదు" అన్నారు. నాకప్పటికి నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. ఆయనకు నేనింకా పిలగాణ్ణే.

ఆయన్ని స్టోర్స్‌కి మార్చారు. బల్లలు, కుర్చీలు లెక్కపెట్టుకుంటూ చివరి ఏడాది గడిపి రిటైరయ్యారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. బుధవారాల పద్ధతిని నేనే ఆపేశాను. యూసుఫ్ భాయ్ టీ గ్లాసులు పెట్టి కాసేపు నిలబడేవాడు. నేను తలెత్తేవాణ్ణి కాదు.

అయిదేళ్లు ఆగి, ఒక ఆదివారం ఉదయం మౌలాలిలో ఆయనింటికి వెళ్లాను. ఏదో పండుగకు పిలుపు వస్తే వెళ్లినట్టు పండ్లు పట్టుకెళ్లాను. ఆయన భార్య అండాలమ్మ గారు మంచినీళ్లిచ్చి, పైన ఆగిపోయిన ఫ్యాను చూపించారు. "గిట్లున్నది చూడు నాయినా మా ఇల్లు. గల్లీల అందరి మిక్సీలు, టీవీలు చేసేటోడు. ఇప్పుడు ప్లగ్గు గూడ ముట్టడు. నా చెయ్యి నమ్మొద్దు అంటడు. బండి అమ్మేసిండు. ఎవలన్న ఏదన్న పట్కొస్తే, కండ్లు కనవడ్తలేవని ఎల్లగొడ్తడు. డాక్టరేమో కండ్లు మంచిగున్నయంటడు."

ఆవిడ లోపలికి వెళ్లాక నేను చెప్పేశాను. ఫోల్డర్ల సంగతి, ఫోను మీద అంకె సంగతి, బీరువా డిస్కుల సంగతి. అంతా అయ్యాక సార్ పైన ఆగిపోయిన ఫ్యాను వైపు చూశారు.

"హాస్టల్ కాడికి గూడ అచ్చినవ్ నువ్వు."

"వచ్చాను సార్."

"టార్చి పట్టినవ్."

"పట్టాను సార్."

"నేను ఆ కండ్ల డాక్టర్ను ఎన్ని తిట్లు తిట్టిన్నో నీకెరుకనా? నా మనవరాలు సైకిల్ చైను పడ్డదని ఏడుసుకుంట వస్తే, పక్కింటోని కాడికి పొమ్మన్న. అయిదేండ్లు." ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "మేడమ్‌కు చెప్పినవా?"

"లేదు సార్. ముందు మీకు..."

"ఆమెకు చెప్పు పో. చెప్పినంకనే మళ్ల రా. అప్పటిదాంక నా ఇంటికి రాకు." పండ్ల సంచీ నా చేతికే ఇచ్చారు.

సుభద్ర మేడమ్ ఇల్లు మా వీధికి నాలుగు వీధుల అవతలే. రిటైరై అక్కడే ఉంటున్నారు. రెండేళ్లకు పైగా నేను ఆ వీధిలోకి వెళ్లలేదు. మార్కెట్‌కి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. అంతలో చలికాలంలో ఒక పొద్దున సార్ పోయారని కబురొచ్చింది. వద్దన్న ఇంటికి అప్పుడు వెళ్లాను. అండాలమ్మ గారు నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకున్నారు. "నువ్వచ్చి పోయిన తెల్లారి స్క్రూడ్రైవర్ యాడున్నదని అడిగిండు నాయినా. ఫ్యాను ఇప్పిండు. ఏం చెప్పినవో ఏమో, మనిషి మల్ల మనిషయ్యిండు" అన్నారు. సార్ ఆవిడతో ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నా మాట బయటపెట్టే పని నాకే వదిలేశారు.

క్యాంపస్‌లో సంతాప సభ పెట్టారు. ఒకరు లేచి, చాలా నిజాయితీగల మనిషని, చివర్లో జరిగిన ఒక్క పొరపాటును మనం పెద్ద మనసుతో మరిచిపోవాలని అన్నారు. కొందరు తలలూపారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. లేచి ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. లేవలేదు. సుభద్ర మేడమ్ ఆ సభకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడింటి బెల్లు కొట్టాను. కూర్చోమనకముందే మొదలుపెట్టి, నిలబడే అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. రికార్డింగుల గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆయన రిటైరయ్యే ఏడు, లైబ్రరీ మెట్ల మీద ఎదురయ్యారు. నమస్కారం పెట్టారు" అన్నారు మెల్లగా. "నేను తల తిప్పుకుని దిగిపోయాను. నిన్న సభకు కూడా ఆ కోపంతోనే రాలేదు." నా వైపు చూశారు. "మీరు ఆయన దగ్గరే ఉండేవారు కదా. ఆ రోజు ఆయనకు బాధ కలిగిందా? మీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం స్టోర్స్ గది గుమ్మంలో సార్ నాకు కనిపించారు. మేడమ్ చూడలేదేమో అని ఒకసారి, చూసే ఉంటది అని ఒకసారి అనుకుంటున్నారు. ఆ తర్వాత లైబ్రరీ వైపు వెళ్లవలసి వస్తే అటెండర్ని పంపేవారు. ఇప్పుడు ఈవిడకు కావలసింది ఒక చిన్న మాట. "అలాంటివి పట్టించుకునే మనిషి కాదు మేడమ్" అంటే చాలు, ఆవిడ కాస్త తేలికపడేవారు, నేనూ లేచి వచ్చేవాణ్ణి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కలిగింది మేడమ్" అన్నాను. "మళ్లీ అటువైపు రాలేదు."

ఆవిడ తలూపారు. చేతిలోని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "నాకు చెప్పారు, సరే. ఆయన పేరు చెప్పి ఊరంతా అనుకుంటున్నది నాతో పోదు. రాయండి" అన్నారు. తలుపు దాకా వచ్చి సాగనంపలేదు. సాగనంపాలని నేను ఆశించనూ లేదు.

కిష్టయ్య సార్ నేర్పిన పనితోనే నేను ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. నా దగ్గరికొచ్చినవాళ్లకు అది నేర్పగలను, నేర్పుతున్నాను కూడా. ఒక మనిషి అయిదేళ్లపాటు తన కళ్లనూ తన చేతులనూ నమ్మకుండా బతికాడు. ఆ అయిదేళ్లు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరికి అప్పగించాలో నాకు తెలియదు.